పొయ్యి మీద ఆరిన ఉప్పు

గరువుగుడ మిషన్ హాస్టలు,
అరకులోయ.
నవంబరు 2001.

చిరంజీవి ఏంజెలిన్‌కి,

మీ వదిన మగ్దలేనమ్మ దీవెనలు. ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. కాఫీ తోటలో పండ్ల కోత మొదలైంది కాబట్టి మీ అన్నయ్య ఐజాక్ పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తున్నాడు. వచ్చాక నాతో మాట్లాడే మాటలు రెండే, "అన్నం పెట్టు", "దీపం తియ్యి". ఈమాత్రం దానికి పెళ్ళెందుకు చేసుకున్నాడో మీ అన్నయ్యని నువ్వే అడిగి చెప్పు.

రగ్గు అందిందా? సముద్రం పక్కన ఉంటూ చలేస్తోందని రాశావు, నవ్వొచ్చింది. అరకులో పుట్టి, మంచులో చెప్పుల్లేకుండా తిరిగిన గుంటవి. పట్నం నీళ్ళు పడి సుకుమారం వచ్చిందనుకున్నాను. అయినా అడిగావు కదా అని మందపాటిదే చూసి పంపాను.

మన హాస్టలుకి కొత్త వంటగది వచ్చింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు, పిల్లలు పాడారు. ఆ ఫోటో ఇందులో పెట్టాను. వెనకాల కొండ మీద పసుపు కనిపిస్తోంది చూడు, అవి వలిసె పూలు. ఈ ఏడు బాగా పూశాయి.

ఆ మర్నాడే హెల్త్ డిపార్టుమెంటు వాళ్ళు వచ్చి పిల్లల మెడలన్నీ తడిమి చూశారు. కొందరికి గొంతు దగ్గర వాపుందట. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పే వాడమని చెప్పి వెళ్ళారు. మేట్రన్‌ని కదా, వెంటనే మన ఊరి సింహాచలం కొట్లో ప్యాకెట్లు తెప్పించాను. మన వంట రాజులమ్మకి అవి నచ్చలేదు. సంత ఉప్పయితే కడిగి, పొయ్యి మీద వేలాడే వెదురు తడక మీద ఆరబెట్టి, మల్లెమొగ్గల్లా చేస్తుంది కదా. ఈ ప్యాకెట్ ఉప్పు చెమ్మగా ఉందని మూకుట్లో పోసి ఎర్రగా వేయించి వాడుతోంది. "తడుప్పు కూరలో వేత్తే పిల్లలకి జలుబు సేత్తాది అమ్మగారూ" అంటుంది. శుభ్రమే కదా అని ఊరుకున్నాను.

మీ చర్చిలో క్రిస్మస్ పాటలు మొదలయ్యాయా? ఈసారి ఏవి పాడుతున్నావో రాయి.

నీ వదిన,
మగ్దలేనమ్మ

—

అల్లిపురం,
విశాఖపట్నం.
డిసెంబరు 2001.

వదినకి,

నీ ఆడపడుచు ఏంజెలిన్ వందనాలు. రగ్గు అందింది. రాత్రే కాదు, సెలవు రోజున పగలు కూడా కప్పుకుంటున్నాను. నవ్వుకో.

ముందు ఉప్పు సంగతి. రాజులమ్మ చేతులకి దండం పెట్టి ఆపించు. అయోడిన్ వేడికి ఎగిరిపోయే సరుకు. కడిగితే పోతుంది, వేయిస్తే పోతుంది, మూత తీసి పొయ్యి దగ్గర పెట్టినా కొంత పోతుంది. ప్యాకెట్ విప్పి మూత ఉన్న డబ్బాలో పోసి, కూర దించే ముందు వేయమను. ఎర్రగా వేయించిన ఉప్పు పెట్టి పిల్లల మెడలు తగ్గలేదంటే ఎలా తగ్గుతాయి?

ఇక ఫోటో. నేను కాన్సరు పరీక్షలు చేసే లాబ్‌లో పొద్దస్తమానం మైక్రోస్కోపు ముందు కూచునే మనిషిని, నాకు ఫోటో పంపి తప్పించుకుందామనుకున్నావా? మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ పాటకి నువ్వు ముందు వరసలో నిలబడతావు. ఇందులో చివరి వరసలో, తలుపు చాటున ఉన్నావు. పైట మెడ చుట్టూ గడ్డం దాకా చుట్టావు. అక్కడ అంత చలిగా ఉంటే పిల్లలెవరూ స్వెట్టర్లు వేసుకోలేదేం?

నీ మెడకి ఏమైంది వదినా? అమ్మ పోయాక నాకు తల దువ్విన చేతులు నీవే. నా దగ్గర దాచకు.

మా చర్చిలో పాటలు మొదలయ్యాయి. ఈ ఏడు లాబ్‌లో పని ఎక్కువై నేను వెళ్ళడం లేదు.

నీ ఏంజెలిన్

—

గరువుగుడ.
జనవరి 2002.

ఏంజెలిన్‌కి,

నీవి మనిషి కళ్ళు కావు, గద్ద కళ్ళు. సరే, చెప్తాను.

గొంతుకి కుడిపక్కన గడ్డ ఉంది. పోయిన వానాకాలంలో ఉసిరికాయంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు, మింగుడు పడుతోంది. ఈ కొండల్లో ఇది వింత కాదు కదా. మన ఊరి సోంబరు వాళ్ళ అమ్మకి బొప్పాసికాయంత ఉంటే దాంతోనే ముసలిదై మనవల్ని ఎత్తుకుంది. అందుకే పట్టించుకోలేదు. రాజులమ్మే ఊరుకోలేదు. నల్లజీడి గింజ కాల్చి, ఆ రసంతో మెడ మీద చుక్కలు పెట్టింది. తెల్లారేసరికి మెడంతా ఎర్రగా పొంగి బొబ్బలెక్కింది. పైట చుట్టింది గడ్డ దాచడానికి కాదే, ఆ బొబ్బలు దాచడానికి. వారం పాటు మెడ తిప్పలేక, పిల్లలు పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేదాన్ని. వాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చారు. గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు నువ్వు ఆస్పత్రికి రమ్మంటావు, వాళ్ళు కోస్తామంటారు. నేను రాను. అనంతగిరి అవతల ఒకావిడ మెడ గడ్డ కోయించుకుని వచ్చింది. ప్రాణానికేం కాలేదు, గొంతు పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. ఏంజీ, నాకు బంగారం లేదు, కడుపున పిల్లల్లేరు, నేను దేవుడికి ఇవ్వగలిగింది ఈ పాట ఒక్కటే. దాని మీదికి కత్తి రానివ్వను. నాకు భయం, నిజంగానే భయం. ఇంకెవరికీ చెప్పలేక నీకు రాస్తున్నాను.

ఉప్పు వేయించడం మాన్పించాను. రాజులమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

వదిన

—

విశాఖపట్నం.
ఫిబ్రవరి 2002.

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండూ తగ్గాక రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

నల్లజీడి తగిలినచోట ఏం జరిగిందో అద్దంలో చూసుకున్నావు కదా. ఎర్రబడింది, వేడెక్కింది, వాచింది, నొప్పి పుట్టింది. దాన్నే మావాళ్ళు ఇన్‌ఫ్లమేషన్, అంటే మంట, అంటారు. ఒంటికి ఏదో హాని జరిగిందని రక్తంలోని కాపలా కణాలు పరిగెత్తుకొచ్చి చేసే హడావిడి అది. పని చూసుకుని వెళ్ళిపోతే మంచిదే, బొబ్బ మానిపోతుంది. కొంతమందిలో ఆ కాపలావాళ్ళు పొరపాటుపడి సొంత థైరాయిడ్ గ్రంథినే శత్రువనుకుంటారు. మెడలో ఉండే ఆ గ్రంథిలో మకాం పెట్టి ఏళ్ళతరబడి కదలరు. పైకి ఎరుపుండదు, నొప్పి ఉండదు. మైక్రోస్కోపులో మాత్రం కనిపిస్తారు, శుక్రవారం సంతలో జనంలా కిక్కిరిసి, నీలం నీలంగా.

ఆ గ్రంథికి ఇంకో చిత్రమైన గుణముంది. గాయం కడిగితే నురగలొచ్చే మందు హాస్టలు మందుల పెట్టెలో ఉంటుంది చూడు, అలాంటిదాన్నే అది లోపల తయారుచేసుకుంటుంది. ఉప్పులోంచి వచ్చిన అయోడిన్‌తో హార్మోను చేయాలంటే అది కావాలి. అంటే రోజూ నిప్పు రాజేసి వండుకునే ఇల్లన్నమాట. రవ్వలు లేస్తాయి, ఆర్పుకునే ఏర్పాటూ దానికుంది. కాపలా కణాలు వచ్చి తిష్ఠ వేస్తే వాటి రవ్వలు కూడా తోడవుతాయి. ఆర్పే శక్తి చాలదు. దానికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు. రవ్వ కణంలో పడి కాలుస్తుంది, కణం బాగుచేసుకుంటుంది, మళ్ళీ కాలుతుంది. ఏళ్ళ మీద ఎప్పుడో ఒకసారి బాగుచేసుకోవడంలో తప్పు జరిగితే, అక్కడ కాన్సరు మొదలవ్వచ్చు.

అవ్వచ్చు అన్నాను, అవుతుందనలేదు. పొయ్యి ఉన్న ఇళ్ళన్నీ తగలబడవు కదా. అసలు మంట ముందా, కాన్సరు ముందా అని పెద్ద డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు. రెండూ ఒకేచోట తరచుగా కనిపిస్తున్నాయన్నది మాత్రం నిజం. అందుకే ఎక్కువమంది మెడ గడ్డలు ఉత్తవే అయినా, చూసి ఉత్తదని తేల్చుకోవాలి. సన్న సూది పెట్టి రెండు చుక్కలు తీస్తారు. చీమ కుట్టినట్టుంటుంది, నాకు తెలుసు. గడ్డలో ఏముందో గాజు పలక మీద తేలిపోతుంది. కొయ్యాల్సి వచ్చినా, స్వరం నరాన్ని పక్కకి తప్పించి జాగ్రత్తగా చేసే డాక్టర్లున్నారు. గొంతు పోవడం ఎక్కడో గానీ జరగదు. భయపడాల్సిన పనే లేదు.

ఎండలు ముదరకముందే బయల్దేరి రా.

ఏంజెలిన్

—

గరువుగుడ.
ఏప్రిల్ 2002.

ఏంజెలిన్‌కి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, ఆ తర్వాత అనుమానమొచ్చింది.

మీ అన్నయ్య కాఫీ బస్తాల లారీలో విశాఖపట్నం వచ్చి నిన్ను చూసి వెళ్ళాడు కదా. ఇంటికొచ్చి మామూలుగానే "అన్నం పెట్టు" అన్నాడు. తిన్నాక మాత్రం గోడకి చేరగిలబడి, ఎప్పుడూ లేంది, మాట్లాడాడు. "ఉక్కపోసి నేను సత్తన్నాను, అదేమో ఫాను ఎయ్యనివ్వలేదు. మొకం ఉబ్బింది. దువ్వెన నిండా జుత్తే. మాటేదో బొంగురుగా ఉంది. జలుబంట" అన్నాడు. మీ అన్నయ్య ఒక్కసారిగా ఇన్ని మాటలు ఆడటం నా కాపురంలో ఇదే మొదలు. అందుకే నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను.

ఇప్పుడు నేను అడుగుతాను. నవంబరులోనే నీకు చలెందుకు వేసింది? ఒంట్లో జ్వరముంటే తప్ప పాట మానని దానివి, క్రిస్మస్‌కి చర్చికెందుకు వెళ్ళలేదు? సూది చీమ కుట్టినట్టుంటుందని నీకెలా తెలుసు? గ్రంథిలో ఏళ్ళతరబడి మంట రగిలే ఆ మనిషి ఎవరు? నేను నా నిమ్మకాయ సంగతి రాస్తే నువ్వు ఇంకెవరి మెడలోపలో చూసి రాశావు.

పసిపిల్లప్పటినుంచి నిన్ను నేను పెంచలేదు, నిజమే. నేను కాపురానికొచ్చేసరికి నీకు లంగా కట్టుకునే ఈడు. కానీ అబద్ధమాడేటప్పుడు నువ్వు పాఠం చెప్పే పంతులమ్మలా మాట్లాడతావని అప్పుడే కనిపెట్టాను. నా మెడ సంగతి వదిలేయ్. నీ మెడ సంగతి ఏటి?

వదిన

—

విశాఖపట్నం.
ఏప్రిల్ నెలాఖరు, 2002.

వదినా,

పట్టుబడిపోయాను.

నా గ్రంథిలో మంట ఉందని మూడేళ్ళ కిందటే రక్తపరీక్షలో తేలింది. మాత్రలు రాసిచ్చారు. బాగున్నప్పుడు మానేశాను, బాగాలేనప్పుడు వేసుకున్నాను. పరీక్షలు చేసేవాళ్ళకి తమ జబ్బంటే లెక్కుండదు. మొన్న దసరా దగ్గర పడుతుండగా మెడ కడుక్కుంటే వేలికి గట్టిగా, శనగగింజలా తగిలింది. డిసెంబరులో సూది పెట్టించుకున్నాను.

ఆ స్లైడుకి రంగు వేసింది నేనే. ఆ పూట లాబ్‌లో ఇంకెవరూ లేరు. మైక్రోస్కోపు కింద పెట్టగానే నీలం సంత కనిపించింది. ఆ జనం మధ్యలో వేరే కణాలు గుంపుగా ఉన్నాయి. అలాంటివి ఇన్నేళ్ళుగా పరాయివాళ్ళవి చూస్తున్నాను కాబట్టి పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. డాక్టరుగారికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన చూసి, "పాపం, ఎవరిదమ్మా ఇది?" అన్నారు. "నాదేనండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూశారు.

కాన్సరు వదినా. భయపెట్టే రకం కాదు, నెమ్మదైన రకం. తీసేస్తే చాలామంది మామూలుగా బతుకుతారు. వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారు. నేను జనవరి అన్నాను, తర్వాత మార్చి అన్నాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. గొంతు పోవడం ఎక్కడో గానీ జరగదని నీకు రాసిన పూటే, ఆ ఎక్కడో నాకే జరిగితే అని దిండులో మొహం పెట్టుకుని పడుకున్నాను. నాకూ ఉన్నది ఆ పాటే. అది నువ్విచ్చిందే.

నిన్ను భయపడొద్దన్నాను, నేను భయపడుతూ కూచున్నాను. అన్నయ్యకి చెప్పకు.

ఏంజెలిన్

—

గరువుగుడ.
మే 2002.

ఏంజీ,

అన్నయ్యకి చెప్పేశాను. ఇంత విషయం మొగుడికి చెప్పకుండా కడుపులో పెట్టుకునే ఓపిక నాకు లేదు. అతను విని లేచాడు. బయటికెళ్ళి, కట్టెలన్నీ కొట్టి పేర్చి, లోపలికొచ్చి నా సంచీ తీసి ముందు పెట్టాడు.

పిల్లలు సెలవులకి ఊళ్ళకి పోయారు. శనివారం కిరండోలు పాసింజరులో వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే స్టేషనుకి రా, చేరకపోతే నేనే ఇల్లు కనుక్కుంటాను.

బేరం చెప్తున్నాను, విను. నా మెడలో నీ సూది పెట్టించుకుంటాను, నువ్వు కత్తికి మెడ వంచు. నీకంటే ముందు నాకే. నేను అరిచానంటే నువ్వు నవ్వాలి. గొంతు పోతే పోనీ అని నేను అనను, ఆ మాట అనడానికి నాకూ నోరు రాదు. కానీ నువ్వే లేకపోతే ఆ గొంతు ఏం చేసుకోను?

వదిన

—

విశాఖపట్నం.
ఆగస్టు 2002.

వదినకి,

హాస్టలు తెరిచారని నువ్వు వెళ్ళిపోయాక ఇల్లంతా బోసిపోయింది. నా బట్టలన్నీ మడతపెట్టి ఎక్కడ సర్దావో ఇప్పటికీ దొరకడం లేదు.

నీ సూది మచ్చ మాయమైందా? మా డాక్టరుగారు మొన్న కూడా నవ్వారు. "మీ వదినగారి కేక వీధి చివరిదాకా వినబడింది, ఆ గొంతుకేం ఢోకా లేదు" అని. ఉత్త అయోడిన్ చాలని గడ్డ అని తేలింది కాబట్టి, వాళ్ళు చెప్పినట్టు ఆరు నెలలకోసారి చూపించుకో. నల్లజీడి జోలికి పోయావో, నేనే వచ్చి బొబ్బలు పెడతాను.

నా మెడ గీత మానింది. గ్రంథి మొత్తం తీసేశారు. పక్కనున్న చిన్న బిళ్ళకి, అదే లింఫ్ గ్రంథికి, కూడా పాకిందని, అదీ తీసేశారు, నీకు తెలుసు. గొంతు ఇంకా గుసగుసలాగే ఉంది. నరం తెగలేదు, కదిలినందుకు అలిగింది, నెమ్మదిగా వస్తుంది అంటున్నారు. ఎప్పుడని అడిగితే చెప్పరు. కూరలబ్బాయిని పిలవాలంటే చప్పట్లు కొడుతున్నాను. పాడి చూశావా అని మాత్రం అడగకు.

ఇప్పుడు అసలు సంగతి. లోపల ఎక్కడైనా మిగిలిన కణాలుంటే చంపడానికి హైదరాబాదులో రేడియో అయోడిన్ ఇస్తారట. థైరాయిడ్ కణానికి అయోడిన్ అంటే ఆకలి. కొన్నాళ్ళు దాన్ని ఆకలితో మాడ్చి, తర్వాత ఈ మందు పెడితే ఆబగా మింగి చస్తుందన్నమాట. అందుకని మాత్రలు ఆపేశారు. రెండు వారాలు సముద్రపు చేప, గుడ్లు, పాలు వద్దన్నారు. అయోడిన్ ఉన్న ఉప్పు అసలు ముట్టుకోవద్దన్నారు. నేను ఉంటున్న వీధిలో కొట్లన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా అయోడిన్ ప్యాకెట్లే. చప్పిడి అన్నం రెండు రోజులు తిన్నాను, గొంతు దిగడం లేదు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. రాజులమ్మ దగ్గర పాత సంత ఉప్పు ఏమైనా మిగిలిందా? కడిగి, పొయ్యి మీద ఆరబెట్టిందే కావాలి. నేను మాన్పించిన ఉప్పే.

ఏంజెలిన్

—

గరువుగుడ.
ఆగస్టు 2002.

ఏంజీ,

నీ ఉత్తరం వంటగదిలో గట్టిగా చదివాను. రాజులమ్మ గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, "అద్గదీ! మరి నా ఉప్పుని ఏటన్నారు మీరు?" అంది. ఇంకా ఉందా అని అడిగాను. తన ఇంట్లో పొయ్యి మీద సొరకాయ బుర్రలో దాచుకుందట. నేను మానమన్నా తను మానలేదన్నమాట. ఇంట్లో మాత్రం ప్యాకెట్ ఉప్పే వాడాలి అని ఆ బుర్ర లాక్కుంటూ మళ్ళీ చెప్పాను. "ఒకపాలి వద్దంతారు, ఒకపాలి కావాలంతారు, మీ సదువులు బాగున్నాయి" అంది.

తర్వాత గొంతు తగ్గించి ఒక మాటడిగింది. అదే నన్నూ తినేస్తోంది కాబట్టి రాస్తున్నాను. "మా ఉప్పు తినే గుంటకి ఈ జబ్బు సేసిందా అమ్మగారూ?" అంది. చిన్నప్పుడు నీ కంచంలో ఆ ఉప్పు వేసింది నేను. నిజం చెప్పు, నొప్పించకూడదని పాఠం చెప్పకు.

ఉప్పు పోస్టులో పంపను, నేనే తెస్తాను. హైదరాబాదుకి నీతో వస్తాను. పాస్టరుగారిని సెలవు అడిగాను. ఇవ్వకపోయినా వచ్చేదాన్నే.

వదిన

—

విశాఖపట్నం.
ఆగస్టు 2002.

వదినా,

ఇది నువ్వు బయల్దేరేలోపు అందాలని వెంటనే రాస్తున్నాను.

మీ ఉప్పు కాదు. డాక్టరుగారిని అడిగే రాస్తున్నాను. అయోడిన్ లేని ఉప్పుతో మెడ ఉబ్బుతుంది, అది నీ గడ్డ, పిల్లల గడ్డలు. నాది నా కాపలా కణాలు నా ఇంటి మీదే పడిన జబ్బు. ఎందుకు పడ్డాయంటే ఎవరూ చెప్పలేరు. ఆడవాళ్ళకి ఎక్కువ వస్తుందని మాత్రం చెప్తారు. ఆ మంట వల్లే కాన్సరు వచ్చిందా అంటే, వచ్చి ఉండవచ్చు అంటారు, అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనరు. నేను చాలాకాలం ఎవరినైనా తప్పు పడదామని చూశాను. మాత్రలు మానేసిన నన్ను, పట్నాన్ని, దేవుణ్ణి. ఎవరి మీదా నిలవలేదు. నీ మీద అసలు నిలవదు. రాజులమ్మకి చెప్పు, నా కంచంలో వేసిన ఏ ఉప్పు రాయీ తప్పు చేయలేదని.

గుసగుస అలాగే ఉంది. భయంగా ఉంది వదినా. బేగి రా.

ఏంజెలిన్

—

హైదరాబాదు ఆస్పత్రి,
గది బయట బెంచీ మీద నుంచి.
సెప్టెంబరు 2002.

ఏంజీ,

నర్సమ్మ నీ కంచంతోపాటు ఈ కాయితం లోపలికి ఇస్తానంది. మంచి పిల్ల, కేరళ అమ్మాయి. నీ గదిలోకి నన్ను రానివ్వరట, నీ ఒంట్లోంచి ఆ మందు వెలుతురులాగా బయటికొస్తూ ఉంటుందట. మూడు రోజులు. ఇన్నేళ్ళు కొండ మీద నేను, సముద్రం దగ్గర నువ్వు ఉన్నాం. ఇప్పుడు మధ్యలో ఉన్నది ఒక్క తలుపు. ఈ దూరమే నాకు ఎక్కువగా ఉంది.

కూర చప్పగా లేదు కదా? పెద్ద డాక్టరుగారు ఆ సొరకాయ బుర్ర చూసి, ఇదేమిటమ్మా అని అడిగి, మూత తీసి, వాసన చూసి, సరే అన్నారు. ఉప్పులో పొగ వాసన వస్తోందట. రాదా మరి.

నేను బయల్దేరేటప్పుడు అరకు స్టేషనులో మీ అన్నయ్య ఏమన్నాడో చెప్పలేదు కదూ. రైలు కదిలాక కిటికీ పట్టుకుని కొంత దూరం నడిచి, "దానికి సెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పేలోపు ప్లాటుఫారం అయిపోయింది. నువ్వే అర్థం చేసుకో.

జవాబు రాయకు. గదిలోకి పోయిన కాయితం మళ్ళీ బయటికి రానివ్వరట, అంతా అక్కడే పారేస్తారట. అందుకని ఒక ఆలోచన చేశాను. కాయితాన్ని ఆపుతారు కానీ గొంతుని ఎవరాపుతారు? నీకు లంగా కట్టుకునే ఈడులో మొదట నేర్పానే, ఆ కీర్తన పాడు. పాడి చూశావా అని అడగొద్దన్నావు, నేను అడగడం లేదు, పాడమంటున్నాను. గుసగుసైనా పర్వాలేదు. రాకపోతే రాలేదని ఇద్దరం కలిసి తెలుసుకుందాం, నువ్వొక్కదానివీ తెలుసుకోవద్దు. నేను తలుపుకి చెవి ఆనించకూడదట. బెంచీ మీదే ఉంటాను.

వదిన

—

అదే బెంచీ.
అదే రోజు, సాయంత్రం.

ఏంజీ,

వినబడింది.

మొదట గాలే వచ్చింది. తర్వాత గీసుకుపోయినట్టు ఏదో వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. పల్లవి రెండోసారికి మాట తెలిసింది. ఎదుటి గదివాళ్ళ ముసలాయన పేపరు దించి తలుపు వైపు చూశాడు. ఎవరని అడిగాడు. మా ఆడపడుచు అని చెప్పాను. ఆపుకుందామనుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు. నర్సమ్మ వచ్చి నీళ్ళిచ్చింది.

ఇంక అసలు మాట. చరణంలో పైకి వెళ్ళాల్సినచోట భయపడి కిందనుంచి దొంగతనంగా వచ్చేశావు. చిన్నప్పుడూ అక్కడే అలాగే చేసేదానివి, నేను తొడపాశం పెట్టేదాన్ని. ఇప్పుడు మధ్యలో తలుపుంది కాబట్టి బతికిపోయావు.

నేనెక్కడికీ పోను. మళ్ళీ పాడు.

వదిన